ఆరాధన లేని ఆరు దినములు

ఇంగ్లండు పల్లెలలో ఊరి నడుమ నిలిచిన రాతి చర్చి చూచువారికి ఎంత గాంభీర్యమును గొల్పునో, దాని కప్పును బాగుచేయింపవలసిన సంఘమునకు అంత దిగులును గలిగించును. ఆంగ్లికన్ సంఘమునకు అచ్చట సుమారు 16,000 చర్చిలు కలవు. వానిలో 12,000కు పైగా చట్టరక్షణ పొందిన కట్టడములు; వానిని ఇష్టము వచ్చినట్లు మార్చుటకు వీలులేదు. మరమ్మతుల భారము ముఖ్యముగా ఆయా ఊళ్ల విశ్వాసులదే. ఆదివారమునాడు పదియో యిరువదియో మంది కూడు చోట ఈ బరువు నెవరు మోయగలరు? కనుక మిగిలిన ఆరు దినములలో చర్చిని ఇతరుల కద్దెకిచ్చి నాలుగు డబ్బులు గడింపవలెనను ఆలోచన పుట్టినది. పుట్టినదనుటకంటె మరల మేల్కొన్నదనుట సత్యము.

మధ్యయుగపు చర్చిలో తూర్పున బలిపీఠమున్న భాగము మతగురువు పోషణలోను, పడమటి విశాలమైన శాల ఊరివారి పోషణలోను ఉండెడివి. ఆ శాల యొక్క ఆరాధనకే పరిమితము కాలేదు. చర్చి పేర జరుగు విందులలో ఊరివారు తాము కాచిన బీరు నమ్మి, వచ్చిన సొమ్ముతో కట్టడమును బాగుచేయించుకొనెడివారు. లండనులోని పాత సెయింట్ పాల్ కెథీడ్రల్ నడవలో న్యాయవాదులు, వర్తకులు, పని వెదకుకొనువారు, కబుర్లరాయుళ్లు నిత్యము గుమిగూడెడివారు. 1666 నాటి అగ్నిప్రమాదముతో ఆ కట్టడమే నశించినది.

ఈ సందడిని ప్యూరిటనులు సహింపలేదు. శాలల నిండ కదలని బల్లలు వెలసినవి. అంతట అద్దె మాసిపోయినదా? లేదు, ఆ బల్లలకే అద్దె వచ్చినది! పందొమ్మిదవ శతాబ్దమున పెక్కుచోట్ల కలవారు మంచి బల్లలకు అద్దె చెల్లించి కూర్చుండగా, పేదలు మిగిలిన ఉచితాసనములతో సరిపెట్టుకొనిరి. దైవసన్నిధిలో కూర్చుండుటకే వెల కట్టిన ఆ కాలమును ఎరిగినవారు, నేడు చర్చిలో కాఫీ అమ్ముట చూచి అంతగా ఉలికిపడ నక్కరలేదు.

పెండ్లి సంగతి వేరు. మనవారు కళ్యాణమంటపమును మాట్లాడుకొన్నట్లు అచ్చటి చర్చిని మాట్లాడుకొనుటకు వీలులేదు. ఆ ఊరి నివాసులకు తమ చర్చిలో వివాహమాడుటకు చట్టరీత్యా హక్కు కలదు. చెల్లించునది అద్దె కాదు, శాసనము నిర్ణయించిన రుసుము. 2008 నాటి శాసనము ఆ ఊరిలో జ్ఞానస్నానము పొందినవారికిని, ఆ చర్చిలో వివాహమాడిన తల్లిదండ్రుల బిడ్డలకును ఈ అవకాశమును విస్తరించినది. కాని మతేతరమైన రిజిస్టరు వివాహము చర్చిలో జరుగరాదు. 1994 నాటి చట్టము హోటళ్లలోను, పాత జమీందారీ భవనములలోను అట్టి వివాహముల కనుమతి నిచ్చినది మొదలు జనము అటు మొగ్గినారు. 2019లో ఇంగ్లండు, వేల్సులలో స్త్రీపురుషుల వివాహములు అయిదింట ఒకటియైనను మతవిధితో జరుగలేదు. ఆ విధముగా పెండ్లి రాబడి తగ్గినకొలది ఇతర రాబడుల వెదకులాట హెచ్చినది.

2006 నాటి శాసనము, చర్చి ప్రధానముగా ఆరాధనస్థలముగా నుండవలెనను నియమముతో, అందొక భాగమును కౌలుకిచ్చుటకు దారి చూపినది. హెర్‌ఫర్డులోని ఆల్ సెయింట్స్ చర్చి అంతకు పూర్వమే తన గోడల నడుమ ఫలహారశాలను నడిపినది. 2014లో లండను వెస్ట్ హాంప్‌స్టెడ్ చర్చిలో తపాలా కార్యాలయమే వెలసినది. ఉత్తరము వేయవచ్చిన ముసలివారు అచ్చట కొంతసేపు కూర్చుండి పోవుట అపచారమని ఎవరనగలరు?

హద్దు ఎచ్చట? 2019 ఆగస్టులో నార్విచ్ కెథీడ్రల్‌లో జాతరలలోని జారుడుగోపురమును నిలిపి, మనిషికి రెండు పౌనులు తీసికొనిరి. పైకప్పు శిల్పములను దగ్గరగా చూపుటకే యని సమాధానము చెప్పిరి. అందు కొంత నిజము లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో కాంటర్‌బరీలో జనము హెడ్‌ఫోనులు తగిలించుకొని రెండు రాత్రులు నృత్యమాడిరి. 1170లో ఆర్చిబిషప్పు బెకెట్ హతుడైన మందిర మది. వద్దని పలువురు సంతకములు చేసిరి. వారి బాధను చాదస్తమని త్రోసివేయుట న్యాయము కాదు. అయినను టిక్కెట్లు అమ్ముడుపోయినవి.

అద్దెకైనను ఈయక, ఆరాధకులును లేక, చర్చి చేతులు మారినచో నేమగును? నెదర్లాండ్సులోని మాస్ట్రిక్టు నగరమున 13వ శతాబ్దపు డొమినికన్ చర్చి 1794లో ఫ్రెంచి సేనల పాలైనది. తరువాత అది అనేక విధముల వాడబడి, కొంతకాలము సైకిళ్లు దాచు కొట్టుగా నుండెను. 2006లో అందు పుస్తకముల అంగడి తెరిచిరి. పుస్తకముల అరలను గోడలకు తగులనీయక, నడుమ ఉక్కుతో అంతస్తులుగా నిలిపిరి. ఒకప్పుడు బలిపీఠముండిన వైపున కాఫీ త్రాగువారి కొరకు శిలువ ఆకారపు పెద్దబల్ల నమర్చిరి.