తాగుడు మానినవారే తోడు

సినిమా వేషం కోసం పల్లె వదిలిన కుర్రాళ్లలో చాలామంది హైదరాబాదులో మొదట చేరేది కృష్ణానగర్‌కే. షూటింగు పిలుపు వచ్చిన రోజు ఒళ్లు నొప్పులకు ఒక చుక్క, రాని రోజు దిగులుకు రెండు. అలవాటు అలా పట్టుకుంటుంది.

అలాంటివారిని బయటికి లాగడానికి తాగి మానినవారే తగినవారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుడు బాధితులు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం పెట్టారు. హైదరాబాదులోనూ దాని సమావేశాలు జరుగుతున్నాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. జన్మలో ముట్టనని ఒట్టు వేయించుకోరు. ఈ ఒక్కరోజు ముట్టవద్దంటారు, అంతే. మానిన మనిషి కొత్తవానికి తోడుంటాడు. జీతం లేని కొలువది. "అన్నా, నేనూ నీలాగే పడి ఉన్నవాణ్ణే" అనే మాట ఇంట్లోవాళ్ల వంద తిట్లకంటే బాగా పనిచేస్తుంది.

అయితే తోడు నిలిచేవారు ఒకటి మరవరాదు. ఏళ్ల తరబడి తాగినవాణ్ణి గదిలో పెట్టి గొళ్లెం వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రెండు మూడు రోజుల్లోనే చేతులు వణుకుతాయి, మూర్ఛ రావచ్చు, లేనివి కనిపించవచ్చు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించేదీ దీనికే! 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో బ్రాందీ షాపులు, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు కృష్ణానగర్‌కు దగ్గరలోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారి తాకిడి పెరిగింది. ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లు తాగేవారిదీ ఇదే అవస్థ. కనుక ముందు డాక్టరు, ఆ తర్వాతే బుద్ధులు.

ఎక్కడికి తీసుకుపోవాలో తెలియనివారు 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి అడగవచ్చు.