వార్తల్లో పదం: లక్ష్యేతర జీవులు

జన్యుమార్పిడి పంటల వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. మొక్కలో పెట్టిన విషం ఏ పురుగు కోసమో అది లక్ష్యం. అదే చేనులో బతికే మిగతావన్నీ లక్ష్యేతర జీవులు. మాచర్ల, గురజాల పత్తి చేలల్లో అయితే అక్షింతల పురుగులు, సాలీళ్లు, తేనెటీగలు.

దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువుతో ఈ మొక్క క్రై ప్రోటీన్ తయారుచేసుకుంటుంది. అది కాయతొలుచు పురుగుల పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. సాలీడు పేగులో దానికి ఆ పట్టు దొరకదు. అయితే ముప్పు దొడ్డిదారిన రావచ్చు: ఆకు తిన్న పురుగును తింటే ప్రోటీన్ సాలీడు ఒంట్లోకీ చేరుతుంది; కాయతొలుచు పురుగులే తగ్గితే వాటిమీదే బతికే కందిరీగ జాతులకు తిండి కరవు.

42 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పురుగుమందు కొట్టిన మామూలు చేల కంటే బీటీ చేలల్లో ఈ జీవులు మొత్తమ్మీద ఎక్కువ. మందే కొట్టని మామూలు చేలతో పోలిస్తే మాత్రం కొన్ని రకాలు తక్కువ. దేనితో పోల్చారన్నదే అసలు ప్రశ్న.

పచ్చదోమ, తెల్లదోమలపై బీటీ పనిచేయదు. వాటికి కొట్టే మందు మిత్రపురుగులను కూడా చంపవచ్చు. పిచికారీకి ముందు ఆకు తిప్పి చూడండి.