82 డిగ్రీల మైనం

జిద్దా పాతపట్నం బలద్‌లో, బాబ్ మక్కా దర్వాజా చుట్టుపక్కల బండి నడిపే మనవాళ్ళందరికీ తెలిసిన సలహా ఒకటుంది. బండి వేడెక్కుతోందా? బల్ఫ్ తీసి పారేయ్. కూలింగ్ సిస్టమ్‌లో రేడియేటర్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్‌ని ఇక్కడి వర్క్‌షాపుల్లో అలా పిలుస్తారు. నిజామాబాద్, జగిత్యాల, కడప వైపు నుంచి వచ్చి ఇళ్ళల్లో డ్రైవర్లుగా పనిచేసేవాళ్ళు, పాత కరోలా కొనుక్కుని కుటుంబంతో ఉంటున్నవాళ్ళు, అందరూ ఇదే మాట చెబుతారు. కారణం అడిగితే "అది చలిదేశాలకి అన్నా. ఈ ఎండలో ఇంజన్ని వేడిచేసే సామాను మనకెందుకు?" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది.

నేనిక్కడ పిల్లలకి సైన్సు చెబుతాను. తొమ్మిదో తరగతిలో వ్యాకోచం పాఠం నడుస్తుండగా ఒకమ్మాయి లేచి, "సార్, మా నాన్న కారులో థర్మోస్టాట్ తీయించేశారు. అయినా బలద్ ట్రాఫిక్‌లో వేడి చూపించే సూది ఇంకా పైకే పోతోంది. తీసేస్తే చల్లబడాలి కదా?" అంది. అంత మంచి ప్రశ్న నేను చాలాకాలంగా వినలేదు. తీసేసిన ముక్క ఇంట్లో ఉంటే తెమ్మన్నాను. మర్నాడు పాత గుడ్డలో చుట్టి తెచ్చింది.

గుండ్రటి రేకు, దాని కింద బలమైన స్ప్రింగు, స్ప్రింగు మధ్యలో బొటనవేలంత ఇత్తడి గిన్నె. రేకు మీద 82 అని అచ్చు ఉంది. ల్యాబులో బీకర్‌లో నీళ్ళు పోసి, దీన్ని దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ ఉంచి కింద మంట పెట్టాం. 60, 70, 78. ఏ కదలికా లేదు. 82 దాటాక రేకు అంచు దగ్గర సన్నటి చీలిక కనబడింది. 90 దాటేసరికి పలక దాదాపు సెంటీమీటరు కిందికి దిగి, దారి బార్లా తెరుచుకుంది. కరెంటు లేదు, సెన్సర్ లేదు, దాన్ని ఎవరూ ముట్టుకోనూ లేదు. మంట తీశాక మెల్లగా మళ్ళీ మూసుకుంది. పిల్లలు ఇంకోసారి అన్నారు. నాకూ ఇంకోసారి చూడాలనే అనిపించింది.

ఆ ఇత్తడి గిన్నెలో ఉన్నది మైనం. మామూలు ద్రవాలు వేడికి వ్యాకోచిస్తాయి కానీ చాలా పిసినారితనంగా. నూనెని పది డిగ్రీలు వేడిచేసినా దాని ఘనపరిమాణం ఒక్క శాతం కూడా పెరగదు. దాంతో తలుపులు తెరవలేం. పారఫిన్ జాతి మైనం అలా కాదు. గట్టిగా ఉన్నంతసేపూ పెద్దగా ఉబ్బకుండా ఊరుకుంటుంది. కరిగే ఆ కొద్ది డిగ్రీల్లోనే పది నుంచి పదిహేను శాతం దాకా ఉబ్బుతుంది. ఘనం ద్రవమవుతున్నప్పుడు, వరసగా సర్దుకుని ఉన్న పొడవాటి అణువులు చెదిరి ఎక్కువ చోటు అడుగుతాయి. ఆ చోటు ఇవ్వకుండా లోహపు గిన్నెలో బిగించి ఉంచితే అవి దేన్నయినా నెడతాయి.

ఏ డిగ్రీ దగ్గర నెట్టాలో కూడా మనమే నిర్ణయించవచ్చు. ఈ అణువులు కార్బన్ గొలుసులు. గొలుసులో 20 కార్బన్లుంటే మైనం 37 డిగ్రీల దగ్గర, అంటే ఒంటి వేడికే, కరుగుతుంది. 40 ఉంటే 81 ప్రాంతంలో. రకరకాల పొడవులున్న గొలుసుల్ని తగుపాళ్ళలో కలిపితే 76కో 82కో 88కో తెరుచుకునే థర్మోస్టాట్ తయారవుతుంది. మైనం వేడిని సరిగా లోపలికి పోనివ్వదు కాబట్టి అందులో రాగిపొడి కలుపుతారు. అప్పుడు గిన్నె అంతా దాదాపు ఒకేసారి కరుగుతుంది.

ఇక ఆ నెట్టుడుని కదలికగా మార్చే తీరు చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మైనం మధ్యలో రబ్బరు తొడుగు, తొడుగులో మొన తేలిన సన్నటి ఉక్కు కడ్డీ. మైనం ఉబ్బి రబ్బరుని నాలుగువైపులా నొక్కుతుంది. సీతాఫలం గింజని వేళ్ళ మధ్య నొక్కితే జారి బయటికి ఎగురుతుంది చూశారా, కడ్డీ కూడా అలాగే బయటికి జారబోతుంది. కానీ కడ్డీ చివర పైచట్రానికి ఆనుకుని ఉంది. అది కదలలేక గిన్నే వెనక్కి జరుగుతుంది, గిన్నెకి అతికిన పలకని తనతో లాక్కుపోతుంది. చల్లబడ్డాక స్ప్రింగు దాన్ని వెనక్కి తెస్తుంది. వేడిని కొలిచేదీ అదే, తలుపు తీసేదీ అదే.

మొదటి కార్లలో ఇది లేదు, అవసరమూ రాలేదు. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో దాదాపు అన్నిట్లోనూ నీళ్ళ పంపే లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేచి రేడియేటర్‌లోకి వెళుతుంది, చల్లారి బరువెక్కి కిందికి దిగుతుంది. ఇంజన్ చల్లగా ఉంటే నీళ్ళు కదలవు, వేడెక్కితే అవే కదులుతాయి. ఇంజన్ల బలం పెరిగేకొద్దీ ఆ నెమ్మది ప్రవాహం చాల్లేదు, పంపు పెట్టక తప్పలేదు. పంపుకి చలీ వేడీ తెలియదు, బెల్టు తిరిగినంతసేపూ నీళ్ళు తోస్తూనే ఉంటుంది. తెల్లవారి స్టార్ట్ చేసిన ఇంజన్ వేడెక్కనే వేడెక్కదు. పెట్రోలు సరిగా ఆవిరికాక సిలిండర్ గోడల్ని తడిపి ఆయిల్‌లోకి దిగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అందుకే పంపుకి అడ్డంగా తలుపు కావలసివచ్చింది.

ఆ తలుపు కోసం ఇద్దరు పోటీపడ్డారని చెప్పుకోవచ్చు, ముఖాముఖి కాకపోయినా. మొదటివాడు వెస్టన్ ఫుల్టన్. అమెరికాలో నాక్స్‌విల్‌లో వాతావరణ శాఖలో పనిచేసేవాడు. అతుకుల్లేని పల్చటి లోహపు ముడతల గొట్టం కనిపెట్టి దానికి సిల్ఫన్ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల మీద వేసిన బాంబులు నీటిలో ఫలానా లోతుకి వెళ్ళి పేలడం కూడా ఆ గొట్టం చలవే. అందులో గాలి తీసేసి కాస్త ఆల్కహాల్ లాంటి ద్రవం పోసి మూస్తే కారు థర్మోస్టాట్ అయింది. ద్రవం మరిగి, ఆవిరి ఒత్తిడికి గొట్టం సాగి, తలుపు తెరుచుకుంటుంది. దశాబ్దాల పాటు కార్లలో రాజ్యమేలింది అదే.

రెండోవాడు సెర్జియస్ వెర్నే. మైనపు గిన్నెకి 1930లలో పేటెంట్లు తీసుకున్నాడు, 1946లో ఒహాయో రాష్ట్రంలో ఎల్లో స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో సొంత కంపెనీ పెట్టాడు. అయితే మైనాన్ని గెలిపించింది రేడియేటర్ మూత.

మన పాత రేడియేటర్ మూతలు ఉత్త బిరడాలు, నీళ్ళు 100 డిగ్రీలకి మరిగిపోయేవి. తర్వాత మూతకి స్ప్రింగు పెట్టి ఒత్తిడిని లోపలే ఆపారు. ఇప్పుడు మీ కారు మూత మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది. 0.9 అంటే బయటి గాలి ఒత్తిడి మీద అదనంగా మరో 0.9 బార్ అని. ఆ ఒత్తిడిలో నీళ్ళు 119 దాకా మరగవు, ఇంజన్‌కి అది వరం. కానీ సిల్ఫన్‌కి అదే గండమైంది. గొట్టంలో ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర బయటి గాలితో సమానంగా నెట్టగలదు. బయట ఒత్తిడి రెట్టింపైతే తనూ రెట్టింపుగా నెట్టాలి, దానికి 97 కావాలి. అంటే మూత బిగించిన పాపానికి తలుపు దాదాపు ఇరవై డిగ్రీలు ఆలస్యంగా తెరుచుకుంటుంది. మైనానికి ఈ గొడవే లేదు. చుట్టూ నీటి ఒత్తిడి రెట్టింపైనా అది కరిగే డిగ్రీ చెప్పుకోదగ్గంతగా మారదు. ఒత్తిడి మూతలు మామూలైపోయేకొద్దీ సిల్ఫన్లు కార్లలోంచి తప్పుకున్నాయి.

గెలిచినదానికి ఒక లోపముంది. అది చెప్పకపోతే మన డ్రైవర్లకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. సిల్ఫన్ గొట్టానికి చిల్లుపడితే లోపలి శూన్యం పోయి గొట్టం తనంతట తనే సాగేది, తలుపు తెరిచి ఉండిపోయేది. ఇంజన్ చల్లగా ఉంటుంది, అంతే. మైనపు గిన్నె పాడైతే రబ్బరు తొడుగు పక్కనుంచి మైనం కారిపోతుంది. నెట్టేవాడే లేడు కాబట్టి స్ప్రింగు తలుపుని మూసిపెడుతుంది. రేడియేటర్ నిండా చల్లటి నీళ్ళు, ఇంజన్‌లో మరుగుతున్న నీళ్ళు, మధ్యలో మూసిన తలుపు! హెడ్ వంగిపోతుంది, గాస్కెట్ కాలిపోతుంది. నెల జీతం మరమ్మతుకే పోయినవాడు బల్ఫ్‌ని జన్మలో నమ్మడు. వాళ్ళ భయానికి ఆధారముంది.

అయితే ఆ అమ్మాయి ప్రశ్న మిగిలే ఉంది. తీసేశాక కూడా సూది ఎందుకు పైకి పోయింది? వర్క్‌షాపుల్లో వినబడే జవాబు, నీళ్ళు మరీ వేగంగా పోవడంవల్ల రేడియేటర్‌లో చల్లారడానికి టైము చాలడం లేదని. ఇది తప్పు. వేగంగా పోతే ఒక్కో చుట్టుకి నీళ్ళు తక్కువే చల్లారుతాయి నిజమే, కానీ చుట్లు పెరుగుతాయి. పైనుంచి కిందిదాకా రేడియేటర్ అంతా వేడిగా ఉంటుంది కాబట్టి గాలికి మొత్తం మీద ఎక్కువ వేడే వెళుతుంది. అసలు జవాబు ఆ ముక్కలోనే ఉంది.

దాన్ని తలకిందులు చేసి పిల్లలకి చూపించాను. గిన్నె అడుగున ఇంకో చిన్న పళ్ళెం ఉంది. చాలా టయోటా ఇంజన్లలో ఇలాగే ఉంటుంది. తలుపు మూసి ఉన్నప్పుడు నీళ్ళు ఆగిపోకూడదు, లేకపోతే సిలిండర్ హెడ్‌లో ఒక మూల మరిగి ఇంకో మూల చల్లగా ఉంటుంది. అందుకని రేడియేటర్ దాకా పోకుండా ఇంజన్‌లోనే తిరిగే అడ్డదారి ఒకటి పెట్టారు. వేడెక్కి పైతలుపు తెరుచుకునేటప్పుడు అదే కదలికతో కింది పళ్ళెం వెళ్ళి ఆ అడ్డదారికి మూత పడుతుంది. ఒక దారి తెరవడం, ఇంకో దారి మూయడం, రెండూ ఒకే గిన్నె పని. బల్ఫ్ తీసేస్తే అడ్డదారి ఎప్పటికీ మూసుకోదు. నీళ్ళకి దగ్గరి దారి అదే కాబట్టి పంపు తోసిన నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే వేడివేడిగా మళ్ళీ ఇంజన్‌లోకి వస్తుంది.

హైవే మీద ఈ నష్టం తెలియకపోవచ్చు, ఎదురుగాలి కాపాడుతుంది. బలద్‌లో అది లేదు. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఈ పాతపట్నానికి సముద్రపు పగడపురాళ్ళ ఇళ్ళూ, చెక్క జాలీల కిటికీలూ, నడిచేవాళ్ళకోసం పుట్టిన సందులూ అందం. చుట్టూ ఉన్న రోడ్ల మీద, ముఖ్యంగా రంజాన్ రాత్రుల్లో, బండి నత్తనడకే. నీళ్ళు 95 డిగ్రీలుండి గాలి 25 ఉంటే తేడా 70. గాలి 45 ఉంటే తేడా 50. రేడియేటర్ వదిలించుకునే వేడి ఆ తేడాని బట్టే ఉంటుంది కాబట్టి దాదాపు ముప్ఫై శాతం శక్తి అక్కడే పోయింది. 2010 జూన్‌లో జిద్దాలో 52 డిగ్రీలు నమోదైంది. దానికితోడు ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే కూర్చుని వచ్చే గాలిని ముందుగానే వేడిచేస్తుంది. ఉన్న కొద్ది బలంలో కొంత అడ్డదారి పాలు చేస్తే సూది పైకి పోక ఏం చేస్తుంది?

తాయిఫ్ వెళ్ళే హదా ఘాట్ రోడ్డు మీద ఇది ఇంకా తేలుతుంది. పైన సుమారు 1,800 మీటర్ల ఎత్తులో నీళ్ళు 94 డిగ్రీలకే మరుగుతాయి. మూత రబ్బరు పాతబడి ఒత్తిడి నిలవకపోతే అక్కడ రోడ్డు పక్కన బానెట్లు ఎత్తి నిలబడ్డ బండ్లలో మనదీ ఉంటుంది. కాబట్టి బండి వేడెక్కితే ముందు మూత, ఫ్యాన్, రేడియేటర్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము చూడండి. థర్మోస్టాట్ మీద అనుమానముంటే వంటింట్లో గిన్నెడు నీళ్ళలో మరిగించి చూడండి, తెరుచుకోకపోతే కొత్తది వేయించండి. బిగించేటప్పుడు రేకు అంచున బెజ్జంలో కదిలే చిన్న పిన్ను పైవైపు ఉండాలి. నీళ్ళు నింపేటప్పుడు చిక్కుకున్న గాలి పోయేది అందులోంచే. ఆ పిన్నుని కిందికి పెట్టి బిగించి, బుడగ ఇరుక్కుని వేడెక్కితే, కొత్త బల్ఫ్ కూడా పనికిరాదని పీకేసినవాళ్ళని చూశాను.

సిల్ఫన్ మీద మైనం గెలిచాక కూడా కథ ఆగలేదు. 2009లో వచ్చిన టయోటా ప్రియస్‌లో పంపుకి బెల్టు పోయి మోటారు వచ్చింది. అంతకు ముందే, 1990లలో, కొన్ని జర్మన్ కార్లలో మైనం లోపలికి చిన్న హీటర్ తీగ దించారు. తేలిక ప్రయాణంలో ఇంజన్‌ని 100 దాటి వేడిగా ఉండనిస్తే ఆయిల్ పల్చబడి పెట్రోలు కలిసొస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, కాలు గట్టిగా నొక్కినప్పుడు, కంప్యూటర్ ఆ తీగకి కరెంటు ఇస్తుంది. నీళ్ళు ఇంకా అంత వేడెక్కకముందే మైనం కరిగి, తలుపు ముందుగానే తెరుచుకుంటుంది.