మూట కట్టడం వేరు, కుదించడం వేరు

కంప్యూటరు పట్టుకున్న ప్రతి విద్యార్థి నోటా "జిప్ చేసి పంపు" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. జిప్ అంటే ఏమిటని అడిగితే మాత్రం "ఫైలు చిన్నదవుతుంది" అని ఊరుకునేవారే ఎక్కువ. అది సగం జవాబే. ఆర్కైవు చేయడం వేరు, కంప్రెస్ చేయడం వేరు. ఈ తేడాను మన విశాఖలో కళ్ళముందున్న సంగతులతోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మన హార్బరులో కంటైనర్లను చూడనివారుండరు. వందల అట్టపెట్టెలను ఒక కంటైనరులో సర్ది తలుపు వేస్తే, లెక్కకు అది ఒకే శాల్తీ. మోయడం సులువు. కాని లోపలి సరుకు ఒక్క కిలో అయినా తగ్గదు. ఆర్కైవు అంటే ఇదే. అనేక ఫైళ్ళను వాటి పేర్లతో, ఫోల్డర్లతో సహా ఒకే ఫైలుగా కట్టడం. యూనిక్స్ వారి 'టార్' ఇలాంటిది. 'టేప్ ఆర్కైవ్' అన్న మాటలు కలిసి ఆ పేరయింది. ఫైళ్ళను మాగ్నెటిక్ టేపుల మీద దాచుకున్న రోజుల నాటిది. అది మూట కడుతుందే గాని బరువు తగ్గించదు. అందుకే ఆ మూటను 1992లో వచ్చిన 'జీజిప్' వంటి వాటితో కుదిస్తారు. 1989లో ఫిల్ కాట్జ్ తెచ్చిన జిప్ ఈ రెండు పనులూ తానే చేస్తుంది.

మరి కుదింపు ఎలా సాధ్యం? 1977లో లెంపెల్, జివ్ అనే శాస్త్రజ్ఞులు ఒక దారి చూపారు. ఒకసారి వచ్చిన వరుస మళ్ళీ వస్తే తిరిగి రాయనక్కర్లేదు. "ఇంత దూరం వెనక్కి వెళ్ళి, ఇంత తెచ్చుకో" అని గుర్తు పెడితే చాలు. మన తెలుగే చూడండి. విశాఖపట్నం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 13 బైట్లు. తెలుగులో, యూటీఎఫ్-8 పద్ధతిలో, 30 బైట్లు. అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తింటాయి. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. ఇంత పునరుక్తి ఉంది గనుకనే తెలుగు ఫైలు జిప్ చేస్తే బాగా తగ్గుతుంది.

ఇలా కుదించినదాన్ని విప్పితే ఒక్క బైటు తేడా లేకుండా తిరిగి వస్తుంది. దీన్ని 'లాస్‌లెస్' అంటారు. రెండో రకం 'లాసీ'. స్టీలు ప్లాంటులో బొగ్గును కోక్ చేసేటప్పుడు అందులోని వాయువులు బయటికి పోతాయి. కోక్‌ను మళ్ళీ బొగ్గు చేయలేం. జేపీజీ ఫోటో, ఎంపీ3 పాట ఇలాంటివే. కంటికీ చెవికీ అంతగా తెలియని వివరాన్ని తీసి పారేస్తాయి.

ఈ సంచికకు ఫోటోలు పోగుచేస్తూ నేను గమనించినది ఇదే. ఫోనులో చేతులు మారి వచ్చినవి తెర మీద బాగానే ఉన్నా, అచ్చుకు మసకబారాయి. ఒక వీడ్కోలు సభ ఫోటోకైతే అసలు ప్రతి ఎవరి దగ్గరా మిగల్లేదు. వెనక వరసలో ముఖాలు పోల్చుకోలేం. దాన్ని ఇప్పుడు జిప్ చేసినా, విప్పినా పోయిన వివరం రాదు.

కనుక మిత్రులారా, థీసిస్, ప్రోగ్రాము, లెక్కల పట్టికలను లాస్‌లెస్‌గానే కుదించండి. ఫోటో తీసినప్పటి అసలు ఫైలును దాచండి. మూట కట్టాక ఒకసారి విప్పి చూసి, మరోచోట ఇంకో ప్రతి పెట్టుకున్నాకనే పాతవి తుడిచేయండి. మూట ఒక్కటే ఉండి అది చెడితే, లోపలున్నవన్నీ దానితోనే పోవచ్చు.