బీజంలో గడ్డ: నొప్పి లేదని ఊరుకోవద్దు

కాలిలో ముల్లు విరిగితే పదిమందికి చూపించుకునే మగవారు, వృషణాలలో (బీజాలలో) వాపు వస్తే కట్టుకున్న భార్యకు కూడా చెప్పరు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే "నొప్పేమీ లేదండీ, అందుకే ఊరుకున్నాను" అంటారు. ఈ మాట మేము తరచుగా వింటుంటాం. కానీ బీజాలకు వచ్చే క్యాన్సరు గడ్డ మొదట్లో చాలామందిలో నొప్పి పెట్టదు. అందువల్ల నొప్పి లేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఎవరికి వస్తుంది?

ఈ క్యాన్సరు ముసలితనపు జబ్బు కాదు. ఎక్కువగా 15 నుండి 40 ఏళ్ల లోపు వారిలో కనిపిస్తుంది. మన దేశంలో ఇది అరుదు కాబట్టి భయపడనక్కరలేదు. అయితే పుట్టుకతో బీజం సంచిలోకి దిగనివారికి, ఇదివరకు ఒక బీజానికి క్యాన్సరు వచ్చినవారికి, తండ్రికి గాని అన్నదమ్ములకు గాని ఈ జబ్బు వచ్చినవారికి ప్రమాదం ఎక్కువ. మగబిడ్డకు ఆరు నెలలు నిండినా బీజం కిందికి దిగకపోతే డాక్టరుకు చూపించండి. "పెద్దయ్యాక అదే దిగుతుంది" అని సంవత్సరాలు గడపకండి.

ఎలా పరీక్షించుకోవాలి?

ఏ లక్షణమూ లేని ప్రతి మగవాడూ నెలనెలా తప్పక చూసుకోవాలని వైద్యులందరూ చెప్పరు. కానీ తన శరీరం మామూలుగా ఎలా ఉంటుందో తెలిసినవాడే మార్పును త్వరగా పసిగడతాడు. పైన చెప్పిన ప్రమాదం ఉన్నవారు ఎంత తరచుగా చూసుకోవాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

1. వేడినీళ్ల స్నానం తరువాత సంచి వదులుగా ఉంటుంది. అప్పుడు నిలబడి చూసుకోండి.
2. ఒక్కొక్క బీజాన్ని విడిగా రెండు చేతుల బొటనవేళ్లు, మిగతా వేళ్ల మధ్య ఉంచి మెల్లగా దొర్లించండి. గట్టిగా నొక్కవద్దు.
3. బీజం నున్నగా ఉండాలి. దాని వెనుకవైపు మెత్తని తాడులాంటి భాగం తగులుతుంది. అది వీర్యకణాలు నిలువ ఉండే గొట్టం, గడ్డ కాదు.
4. ఒకటి కాస్త పెద్దదిగా, ఒకటి కాస్త కిందికి ఉండడం సహజం.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

బఠాణీ గింజంత గట్టి గడ్డ తగిలినా, ఒక బీజం పెరుగుతున్నా, గట్టిపడినా, సంచి బరువుగా అనిపించినా, పొత్తికడుపులో గాని గజ్జలో గాని సన్నని నొప్పి వదలకపోయినా కొద్ది రోజులలోనే చూపించండి. పండుగ వెళ్లాక, కోతలు అయ్యాక అని వాయిదా వేయకండి.

ఇంకొక సంగతి గంటలలో తేలిపోవాలి. ఉన్నట్టుండి ఒక బీజంలో భరించలేని నొప్పి వచ్చి, వాంతులు కూడా అవుతుంటే బీజం మెలిపడి రక్తం అందక ఉండవచ్చు. ఇది పన్నెండేళ్లు దాటిన కుర్రవాళ్లలో ఎక్కువ. సుమారు ఆరు గంటల లోపల ఆపరేషన్ చేస్తే బీజం దక్కే అవకాశం ఎక్కువ. అర్ధరాత్రి అయినా బయలుదేరండి. కుర్రవాడు సిగ్గుపడి "కడుపు నొప్పి" అని మాత్రమే చెప్పవచ్చు, తల్లిదండ్రులు విడమరచి అడగాలి.

వరిబీజమే కదా అనుకుంటే?

బోదకాలు వ్యాధి ఉన్న మన జిల్లాలలో సంచి వాచగానే వరిబీజం (బుడ్డ) అనుకోవడం అలవాటు. చాలాసార్లు అది నిజమే. హెర్నియా కావచ్చు, ఉబ్బిన నరాలు కావచ్చు. కానీ నీరు చేరిన సంచిలో గడ్డ కూడా దాగి ఉండవచ్చు. కాబట్టి స్కానింగ్ చేయకుండా సూదితో నీరు తీయించుకోవద్దు, పసరు కట్లు కట్టించుకోవద్దు. గడ్డ ఉన్నచోట సూది గుచ్చితే దాని కణాలు సంచిలోకి పాకే ప్రమాదం ఉంది.

చికిత్స ఉందా?

ఉంది, చాలా మంచి ఫలితాలతో ఉంది. స్కానింగ్, రక్తపరీక్షలు చేసి, అవసరమైతే గజ్జ దగ్గర కోసి ఆ బీజాన్ని తీసివేస్తారు. తొలిదశలో పట్టుకుంటే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 1970లలో సిస్‌ప్లాటిన్ అనే మందు వచ్చిన తరువాత, శరీరంలో పాకినవారిలో కూడా చాలామంది బ్రతుకుతున్నారు. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు ఛాతీలో వచ్చినది ఇదే జాతి కణాల గడ్డ. 2012లో కీమోథెరపీ పూర్తిచేసుకుని, ఆ సంవత్సరమే తిరిగి భారత జట్టులో ఆడారు.

ఒక బీజం తీసివేస్తే మగతనం పోతుందన్న భయం అక్కరలేదు. రెండవది ఆరోగ్యంగా ఉంటే దాంపత్యానికి, సంతానానికి సాధారణంగా అదే చాలు. కీమోథెరపీ అవసరమైతే ముందుగా వీర్యాన్ని భద్రపరచుకునే వీలు గురించి డాక్టరును అడగండి.

డాక్టరు గదిలో చెప్పిన మాట ఆ గది దాటి పోదు. నోరు రాకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి, లేదా "మగ డాక్టరును చూడాలి" అని ఓపీ దగ్గర చెప్పండి, చాలు. మీ ఇంట్లో ఎదిగిన కొడుకు ఉంటే ఈ పేజీ అతని చేతికి ఇవ్వండి.