వ్యసనాన్ని శోధించేవారికి ఊతం

వ్యసనపరుడికి నీతులు చెప్పేవారికి ఎన్నడూ కొదువలేదు. వ్యసనం మనిషినెట్లా లొంగదీస్తుందో ఓపికగా శోధించేవారే అరుదు.

1964లో న్యూయార్కులో మేరీ జీన్ క్రీక్ అనే యువ వైద్యురాలు డాక్టర్ విన్సెంట్ డోల్ పరిశోధన బృందంలో చేరారు. హెరాయిన్‌కు బానిసలైనవారిని మెథడోన్ అనే మందుతో మళ్ళీ మనుషుల్లో పడవేయవచ్చునని ఆ బృందం మరుసటి ఏడు లోకానికి చాటింది. 2021లో కన్నుమూసేదాకా క్రీక్ ఆ పరిశోధనను విడువలేదు.

అటువంటివారు నిలదొక్కుకోవాలంటే తొలి ఏళ్ళలో ఆధారముండాలి. డాక్టరేటు చేతికి వస్తుంది. సొంత ప్రయోగశాల ఇంకా అమరదు. ఇంట్లో ఖర్చులా ఆగవు! ఆ సంధికాలంలోనే కొందరు వేరే దారి చూసుకుంటారు.

ఇందుకోసమే అమెరికా ప్రభుత్వ జాతీయ ఆరోగ్య సంస్థలు 2006లో ‘కె-99’ అనే పథకాన్ని ప్రకటించాయి. మొదట రెండేళ్ళవరకు గురువు నీడన వేతనం, పరిశోధనకు ఖర్చు. విశ్వవిద్యాలయంలో స్థానం దొరికాక మరి మూడేళ్ళవరకు స్వతంత్రంగా పనిచేయడానికి ధనం. పొందినవారు తమ పనివేళలో కనీసం ముప్పాతిక భాగం పరిశోధనకే వినియోగించాలి. 1974లో ఏర్పడిన మాదకద్రవ్య వ్యసన పరిశోధన సంస్థ కూడా ఈ పథకం కింద యువశాస్త్రజ్ఞులకు చేయూతనిచ్చింది.

వ్యసనం ఏ ఇంటి గడపనైనా తొక్కవచ్చు. అప్పుడు మందు కావాలని అందరమూ కోరుతాము. మొలకకు నీరు పోయనివారు పండు కోరడం న్యాయమేనా?