‘మా భూమి’లో ‘మా’ అంటే ఎవరు?

నాబోతు ద్రాక్షతోట మీద రాజైన అహాబు కన్ను పడింది. తోట రాజుకు దక్కింది, నాబోతు ప్రాణం పోయింది (1 రాజులు 21). ఈ కథ మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలకు కొత్త కాదు. గడీలోని దొర కోరితే పేదవాడి చెలక ఏమయ్యేదో మన తాతలకు బాగా తెలుసు.

ఆ కాలాన్ని తెరకెక్కించిన సినిమా 1979 నాటి ‘మా భూమి’. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించారు. గౌతమ్ ఘోష్ దర్శకుడు. నల్లగొండ జిల్లా సిరిపురంలో పేద రైతు కొడుకు రామయ్య. అతడు ప్రేమించిన లంబాడా యువతి చంద్రి దొరకు లొంగక తప్పని స్థితి వస్తుంది. రామయ్య ఊరు విడిచి హైదరాబాదు చేరి, కార్మికుల మధ్య రాజకీయం నేర్చుకుంటాడు. తిరిగొచ్చి పోరాటంలో నిలుస్తాడు. 1948లో నిజాం పాలన పోయింది, కానీ దొరల పెత్తనం మళ్లీ ఊళ్లోకొచ్చింది. జెండా మారితేనే పేదవాడి బతుకు మారదని సినిమా నిర్భయంగా చెప్పింది. వెట్టిని, గడీని ఉన్నదున్నట్టు చూపింది. ఇది దాని గొప్పతనం.

అయితే ఒక లోటును కూడా మనం గమనించాలి. చంద్రి కన్నీళ్లు రామయ్య తిరుగుబాటుకు కారణమయ్యాయి గానీ, ఆమె తిరుగుబాటు కథకు కేంద్రం కాలేదు. చరిత్ర వేరుగా ఉంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంట దక్కించుకుంది. పోరాడిన స్త్రీల మాటలు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంగా వచ్చాకే చాలామందికి తెలిశాయి.

బైబిలులో ఈ లోటును పూరించే ఘట్టం ఒకటుంది. సెలోపెహాదు అయిదుగురు కుమార్తెలు మోషే ముందు నిలబడి తండ్రి భూమిలో స్వాస్థ్యం అడిగారు. వారు అడిగింది న్యాయమేనని దేవుడు తీర్పిచ్చాడు (సంఖ్యాకాండము 27). 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లి దళితులు కూడా అలాగే వినోబా భావేను 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చారు. అడిగినవారుండబట్టే భూదానోద్యమం పుట్టింది.

ప్రియులారా, మన సంఘాల్లో చాలామంది పెద్దలు ఒకనాడు జానెడు నేల లేని కూలీలే. ఇవాళ కొందరికి పొలాలున్నాయి, ప్లాట్లున్నాయి. ఈ సినిమాను మన యువతకు తప్పక చూపిద్దాం. చూశాక మన ఇంటి పట్టా పాస్‌పుస్తకం ఒకసారి తెరిచి చూద్దాం. అందులో మన కూతురి పేరుందా? మన పొలంలో నాట్లు వేసే తల్లికి న్యాయమైన కూలి సాయంత్రానికి అందుతోందా? ‘మా’ అనే మాటలో వీరిద్దరూ లేకపోతే, దొరను తప్పుపట్టే నోరు మనకెక్కడిది?